వీధిపోటులో చేపల బజారు

నేను గీసిన బిల్డింగుల్లో నీరు కారే స్లాబు ఒక్కటి కూడా లేదు. ఈ మాట నేనే చెప్పుకోవాలి. కారే స్లాబు గురించి ఊరంతా మాట్లాడుతుంది గానీ, కారని స్లాబు గురించి ఎవరూ నోరు విప్పరు. కొల్లేటి గాలి పీల్చి పెరిగినదాన్ని కాబట్టి ఈ నేల సంగతి నాకు బాగా తెలుసు. ఎండాకాలం బీటలు వారుతుంది, వానాకాలం ఉబ్బుతుంది, ఎప్పుడు తవ్వినా కాస్త లోతులోనే నీళ్ళు కనబడతాయి. చదువయ్యాక హైదరాబాదులోనే ఉండిపొమ్మన్నవాళ్ళకి నేనిచ్చిన జవాబు ఒకటే. రాతి మీద ఎవరైనా కడతారు, బురద మీద కట్టడంలో ఉంది మజా అని.

మా ఆఫీసు వట్లూరులో. కాలేజీలు వచ్చాక అక్కడ పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, ప్లాట్లన్నీ ఇళ్ళయ్యాయి, అందులో చాలా ఇళ్ళకి నేనే ప్లాను గీశాను. మా నాన్నగారు ఏలూరులో పురోహితులు. మా పేటలో ఇల్లు మొదలుపెట్టాలంటే ముందు ఆయన దగ్గరికి ముహూర్తానికి వస్తారు, తరవాత నా దగ్గరికి ప్లానుకి వస్తారు. ఒక్కోసారి వరస తిరగబడుతుంది, అప్పుడు ఆయన నా ప్లాను తీసుకుని కళ్ళజోడు సవరించుకుని నా వంటగదిని ఆగ్నేయానికి జరుపుతారు. వాస్తు మీద నాకు నమ్మకం లేదు. కానీ చిన్నప్పటి నుంచి అన్నంతో పాటు తిన్న శాస్త్రం కాబట్టి ఏ సిద్ధాంతికీ తీసిపోను. నమ్మకం లేకపోయినా పరిజ్ఞానం ఉండడం నా వృత్తిలో చాలా అక్కరకొచ్చింది.

చేపా మాంసం ఎరగని ఇంట్లో పుట్టాను. రైల్లో ఎవరైనా చేపల బుట్టతో ఎక్కితే ఇప్పటికీ పక్క పెట్టెలోకి మారతాను. అలాంటి నేను ఇన్నేళ్ళ వృత్తిలో అన్నిటికంటే గట్టిగా పోట్లాడింది చేపల బజారు కోసం.

తాడేపల్లిగూడెంలో ఒక పాత మార్కెట్టు పడగొట్టి, ఆ స్థలంలో కొత్త కాంప్లెక్సు కట్టాలనుకున్నారు. మునిసిపాలిటీకి స్థలం ఉంది, డబ్బు లేదు. కంపెనీకి డబ్బు ఉంది, ఊరి నడిబొడ్డున స్థలం లేదు. ఈ ఇద్దరికీ ముడిపెడితే దాన్ని ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం అంటారు. అంత పొడుగు పేరు పలికే ఓపిక లేక ఆఫీసుల్లో అందరం పీపీపీ అంటాం. కంపెనీ తన ఖర్చుతో బిల్డింగు కడుతుంది, షాపులు లీజుకిచ్చుకుని కొన్నేళ్ళు అద్దెలు వసూలు చేసుకుంటుంది, గడువు తీరాక మొత్తం మునిసిపాలిటీకి అప్పజెప్పి వెళ్ళిపోతుంది. విడాకుల తేదీ ముందే రాసుకుని చేసుకునే పెళ్ళి లాంటిది. అందులో నాది పెళ్ళిళ్ళ పేరయ్య పని. ఫీజు ఇచ్చేది ఒక వైపు, మాటలు పడేది రెండు వైపులా.

పాత మార్కెట్టు ముందు, రోడ్డు వారన, చేపలమ్మే ఆడవాళ్ళు కూర్చునేవారు. కొల్లేటి లంక గ్రామాల నుంచి కొందరు, భీమడోలు వైపు నుంచి కొందరు, తెల్లారేసరికి ఆటోల్లో సరుకు దింపుకునేవారు. లోపల కూరగాయల వాళ్ళకి రేకుల కప్పు ఉండేది, వీళ్ళకి అదీ లేదు. వానొస్తే నెత్తిన పట్టా కప్పుకుని కూర్చునేవారు. వాళ్ళకి పెద్ద దిక్కు కొరమీనులమ్మే ఒక పెద్దామె. బొద్దుగా, నల్లగా, ముక్కుకి రెండు వైపులా పుడకలతో, కూర్చున్న చోటి నుంచి లేవకుండానే బజారంతా నడిపే మనిషి. పనులు మొదలయ్యే ముందు స్థలం కొలతలు తీయడానికి వెళ్ళిన రోజు నన్ను పిలిచి అడిగింది.

"ఏవండీ అమ్మాయిగారూ, మమ్మల్ని పక్కనేసిన షెడ్డులోకి పొమ్మన్నారండి. పోతాం. బిల్డింగయ్యాక మళ్ళీ ఇక్కడే కూకోనిత్తారా అండి?"

"లోపల చోటు ఇవ్వాలని ఒప్పందంలోనే రాశారండీ," అన్నాను.

"లోపల అంటే ఎక్కడండి?" అంది.

అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పాత వ్యాపారులందరికీ కొత్త బిల్డింగులో చోటు ఇవ్వాలని ఒప్పందంలో ఉంది గానీ, ఎక్కడ ఇవ్వాలో లేదు. రాసినవాళ్ళు మరిచిపోయారో, మరిచిపోయినట్టు ఉన్నారో నాకు తెలియదు. కంపెనీ యజమాని నా ముందు పెట్టిన ఆలోచన ఇది. ముందు వైపు కింద అంతస్తులో పెద్ద పెద్ద షోరూములు. వెనక వైపు పార్కింగు. ఈ నేలలో సెల్లారు తవ్వితే అది చెరువవుతుంది కాబట్టి పార్కింగు కిందే ఉండక తప్పదు. కూరగాయలు మొదటి అంతస్తులో. చేపలు రెండో అంతస్తులో, వెనకాల.

ఆయన చెడ్డవాడేం కాదు. మెత్తటి మాట, భోజనం వేళకి వెళితే తినకుండా పంపని మర్యాద. కానీ చేప ముక్క లేనిదే ముద్ద దిగని ఆ మనిషి, చేపలు కొనడానికి ఎవరైనా రెండంతస్తులు ఎక్కుతారని ఎలా అనుకున్నాడో నాకు అర్థం కాలేదు.

"ఏవండీ, మీ ఇంట్లోవాళ్ళు ఎక్కుతారా?" అని అడిగాను.

"లిఫ్టు పెడదాం కదండీ మేడమ్ గారూ."

"షోరూములో పట్టుచీర కొన్నావిడా, తట్టలో రొయ్యలు మోసుకొచ్చే మనిషీ ఒకే లిఫ్టులోనా అండీ?"

ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు తెలిసిందే. ఆ ఆడవాళ్ళని ఎవరూ గెంటరు. గౌరవంగా పైకి ఎక్కిస్తారు. బేరాలు లేక కొన్నాళ్ళకి వాళ్ళే దిగిపోతారు, మళ్ళీ ఏదో ఒక రోడ్డు వారన, పోలీసుల చేత లేపించుకుంటూ కూర్చుంటారు. రెండో అంతస్తు ఫంక్షన్ హాలవుతుంది. ఒప్పందం ప్రకారం ఎవరి తప్పూ ఉండదు. ఇలాంటివి రెండు మూడు ఊళ్ళలో నా కళ్ళతో చూశాను. నాకు ఒళ్ళు మండింది. నేను గీసిన బిల్డింగులో ఆ పని జరగనివ్వను అని ఆ రోజే అనుకున్నాను. ఎలా అన్నది మాత్రం తోచలేదు.

తోవ చూపించింది వాస్తు. ప్లాను ఒక కొలిక్కి వచ్చాక, ఆనవాయితీ ప్రకారం, కంపెనీ యజమాని తన సిద్ధాంతిగారిని పిలిపించాడు. మా వైపు బిల్డింగుకి ఇద్దరు ఆర్కిటెక్టులుంటారు. ఒకరు డిగ్రీ ఉన్నవారు, రెండోవారు మాట చెల్లేవారు. ఆ రెండోవారు స్థలంలో దిక్సూచి పెట్టి, అటూ ఇటూ నడిచి, దక్షిణం నుంచి వచ్చే రోడ్డు చివర నిలబడి తల అడ్డంగా ఊపారు. ఆ రోడ్డు తిన్నగా వచ్చి మా స్థలానికి ఎదురుగా ఆగి, అక్కడి నుంచి అటూ ఇటూ చీలుతుంది. సరిగ్గా నైరుతి భాగానికి తగులుతుంది.

"వీధిపోటు," అన్నారాయన. "ఇక్కడ షాపు పెట్టినవాడు బాగుపడడు."

యజమాని మొహం పాలిపోయింది. తిన్నగా వచ్చిన రోడ్డు ఇంటికి ఈటెలా గుచ్చుకుంటుందని మావాళ్ళ నమ్మకం. అందులోనూ నైరుతి పోటంటే కొనేవాడు కాదు కదా, ఊరికే ఇస్తానన్నా పుచ్చుకునేవాడు ఉండడు. ఆ పోటు తగిలే జాగా మా ప్లానులో అన్నిటికంటే పెద్ద షోరూము. మూడు దారుల జనం కళ్ళూ పడే చోటు. వ్యాపారానికి ఊరు మొత్తంలో అంతకంటే మంచి జాగా లేదు. అలాంటి జాగా చూసి వ్యాపారస్తులు భయపడతారు. ఈ తమాషా మా జిల్లాల్లో తప్ప ఎక్కడా జరగదేమో!

అప్పుడు నేను చాలా మామూలుగా, గోళ్ళు చూసుకుంటూ అన్నాను.

"పోటు తగలడానికి అక్కడ గోడ ఉండాలి కదండీ. అసలు గోడే లేకుండా తెరిచి ఉంచేస్తే? రోడ్డు లోపలికి వచ్చి అటు వైపు వీధిలోకి వెళ్ళిపోతుంది."

సిద్ధాంతిగారు నా వైపు అనుమానంగా చూశారు. ఎవరమ్మాయిని అని అడిగారు. చెప్పాను. నాన్నగారి పేరు వినగానే, అయితే సరేనన్నారు.

"తెరిచిన చోటు ఎవరికి లీజుకివ్వగలం మేడమ్ గారూ?" అన్నాడు యజమాని దిగులుగా.

"ఎవరికీ ఇవ్వలేమండీ. ఎలాగూ చేపలవాళ్ళకి ఎక్కడో ఒకచోట ఇవ్వాలి కదా. వాళ్ళని ఇక్కడ పెట్టేసి, రెండో అంతస్తు మొత్తం మీరు వాడుకోండి."

ఆయన మొహం తేటపడింది. తనకి మేలు చేశానని నాకు కాఫీ కూడా తెప్పించాడు. నేను అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు. ఆయన నమ్మకాన్ని ఆయనకే ప్లాను చేసి ఇచ్చాను, అంతే.

ఆ రాత్రి నుంచి ఆ చేపల బజారు ఎంత ఇష్టంగా గీశానో చెప్పలేను. మన దగ్గర చేపలమ్మే మనిషి నేల మీద కూర్చుని, కత్తిపీట కాలితో తొక్కిపట్టి చేప కోస్తుంది. స్టీలు బల్లలూ సింకులూ పెట్టి కట్టిన చేపల బజార్లు బోలెడున్నాయి. వాటి బల్లలు ఖాళీగా ఉంటాయి, ఆడవాళ్ళు వాటి ముందు నేల మీద కూర్చుంటారు. నేను ఆ పని చేయదలుచుకోలేదు. పొడుగాటి అరుగులు గీశాను. అరుగు మీద ఆమె కూర్చుంటుంది, కొనేవాళ్ళు కింద నడవాలో నిలబడతారు, ఇద్దరి కళ్ళూ ఒక ఎత్తులో ఉంటాయి. అరుగు వెనక నీళ్ళ కుళాయి, ముందు నీళ్ళు జారిపోయే కాలవ. పైన ఎత్తుగా కప్పు, దక్షిణం గాలి ఇటు నుంచి అటు దూసుకుపోయేట్టు. గాలి ఆడితే వాసన నిలవదు. ఆ గాలి విషయంలో నాకు కాస్త స్వార్థం కూడా ఉందని ఒప్పుకుంటాను.

స్థలంలో ఇటుకలు పేర్చి ఒక అరుగు నమూనా కట్టించి, పెద్దామెని కూర్చోమన్నాను. కూర్చుని, కాళ్ళు సర్దుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"ఎలా ఉందండీ?"

"మీ మొహం కనబడతందండి అమ్మాయిగారూ. ఇన్నాళ్ళూ మాకు అందరి చీర కుచ్చిళ్ళే కనబడేయి."

మునిసిపల్ కమిషనర్ గారు ప్లాను మీద సంతకం పెట్టారు. భూమిపూజ మా నాన్నగారే చేశారు. బజారు ఆడవాళ్ళందరూ వచ్చి, ఆయన చేతి అక్షింతలు వేయించుకుని వెళ్ళారు. అంతా సవ్యంగా జరిగిపోతోందని నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ నిశ్చింత పునాదులు లేచేదాకానే.

ఒక ఆదివారం పొద్దున్న ఏలూరులో మా ఇంటి ముందు ఆటో ఆగింది. పెద్దామె, ఆమె వెనక ఇంకో నలుగురు ఆడవాళ్ళు దిగారు. నన్ను చూసి నమస్కారం పెట్టి, "పంతులుగారున్నారాండి?" అని అడిగారు. నాతో పని లేదన్నమాట. నాన్నగారు వసారాలో కూర్చుని పంచాంగం చూసుకుంటున్నారు. వాళ్ళు మెట్ల మీద కూర్చోబోతే పైకి రమ్మని చాప వేయించారు.

"చెప్పండమ్మా," అన్నారు.

"మాకిచ్చిన జాగాలో వీధిపోటుందంటండి. ఎవరూ కొనని చోటు కాబట్టే మాకు అంటగట్టారంటండి. బజార్లో అందరూ అంటున్నారు. మాకు సదువుల్లేవు పంతులుగారూ. పిల్లలు గలోళ్ళం. పోటుందా లేదా మీరు చెప్పండి. మీరు లేదంటే కూకుంటాం. ఉందంటే మా షెడ్డులోనే ఉండిపోతాం."

ఆ షెడ్డు తాత్కాలికం. బిల్డింగు పూర్తవగానే తీసేస్తారు. వాళ్ళు ఇప్పుడు ఈ జాగా వద్దంటే, వద్దన్నారని కాగితం మీద రాయించుకుంటారు, ఇంకెప్పటికీ ఆ బిల్డింగులో వాళ్ళకి చోటు ఉండదు. నేను నాన్నగారి వైపు చూశాను. లేదు అనండి, ఒక్క మాట, చాలు అని కళ్ళతోనే బతిమాలాను. ఆయన నా కళ్ళు చూశారు. చూసి కూడా నింపాదిగా పంచాంగం మూసి పక్కన పెట్టారు.

"శాస్త్రం ప్రకారం పోటు ఉందమ్మా," అన్నారు. "దక్షిణ నైరుతి. ఉన్నదాన్ని లేదని చెప్పలేను."

నలుగురిలో ఒకావిడ అప్పుడే చెంగు సర్దుకుని లేవబోయింది. నాకు పట్టరాని కోపం వచ్చింది.

"నాన్నగారూ, మీ శాస్త్రం ఇళ్ళ కోసం రాశారండీ. బజారుకి పోటేంటి?"

"నన్ను అడిగింది వాళ్ళు, నువ్వు కాదు," అన్నారాయన. తరవాత కాసేపు గడ్డం నిమురుకుని, నన్నే అడిగారు. "పోటు తగిలేది యజమానికి. ఇంతకీ ఈ కట్టడానికి యజమాని ఎవరమ్మా?"

ఇన్నేళ్ళుగా ఆ పనుల్లోనే ఉన్నదాన్ని, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. స్థలం మునిసిపాలిటీది. కట్టిన గోడలు గడువు తీరేదాకా కంపెనీవి. షాపులు లీజుదార్లవి. అరుగులు వాళ్ళవి, కానీ కాగితం మీద హక్కు కాదు, వాడుక. అదే చెప్పాను. నాన్నగారు ఆశ్చర్యపోయారు.

"ఇంతమంది ఉంటే పోటు మాత్రం ఎవరినని వెతుక్కుంటుందమ్మా!"

ఆడవాళ్ళలో ఇద్దరు నవ్వారు. పెద్దామె నవ్వలేదు. చాప అంచు వేళ్ళతో నలుపుతూ చాలాసేపు ఆలోచించింది.

"పంతులుగారూ," అంది చివరికి. "మా అమ్మ ఆ రోడ్డు మీదే కూకుంది. నేనూ ఆ రోడ్డు మీదే కూకున్నాను. నా బిడ్డల్ని ఆ రోడ్డు మీదే పక్కనేసుకుని పెంచాను. లారీలొచ్చి మా తట్టలు తొక్కేసినియ్యి. రోడ్డుకి ఎదురుగా కూకున్నోళ్ళకే పోటు తగిల్తే, రోడ్డు మీద కూకున్నోళ్ళం ఈపాటికి ఉండకూడదు కదండి?"

నాన్నగారు చేతులు రెండూ జోడించారు, అంతే. ఆమె లేచి చెంగు దులుపుకుంది.

"ఆయ్, వత్తామండి. ఎక్కడో మేడ మీద కూకోడం కన్నా ఇదే నయం. తగిలితే తగల్నివ్వండి."

ఆటో వెళ్ళిపోయాక నేను నాన్నగారితో ఆ పూటంతా మాట్లాడలేదు. సాయంత్రం కాఫీ ఇస్తూ మాత్రం అడిగాను, వాళ్ళు ఒప్పుకోకపోయి ఉంటే ఏం చేసేవారని. "ఏం చేస్తాను, బాధపడేవాణ్ణి," అన్నారు. "నేను లేదంటే నా మాట మీద కూర్చునేవాళ్ళు. రేపు ఎవరికైనా జ్వరమొస్తే నా మాట తీసేసి లేచిపోయేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ మాట మీద కూర్చుంటారు." నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు గానీ, ఆయన గ్లాసులో మరి కాస్త కాఫీ పోశాను.

బిల్డింగు లేచింది. స్లాబుకి సెంట్రింగు విప్పిన రోజు కంపెనీ యజమాని వచ్చి ఆ తెరిచిన హాల్లో నిలబడ్డాడు. ఎదురుగా రోడ్డు పొడుగునా జనం. దూరం నుంచి వచ్చే ప్రతి బండివాడి కళ్ళూ తిన్నగా ఆ హాల్లోకే. దక్షిణం గాలికి ఆయన చొక్కా రెపరెపలాడుతోంది. ఆయన అటూ ఇటూ తిరిగి, మళ్ళీ అక్కడే వచ్చి నిలబడ్డాడు. ఆయన మనసులో ఏం తిరుగుతోందో నాకు ప్లాను గీసినంత స్పష్టంగా తెలిసిపోయింది.

"మేడమ్ గారూ," అన్నాడు. "సిద్ధాంతిగారిని మళ్ళీ అడిగానండి. గుమ్మంలో వినాయకుణ్ణి ప్రతిష్ఠిస్తే పోటు పోతుందన్నారు. ఒక బంగారం షాపువాళ్ళు అడుగుతున్నారు. చేపలవాళ్ళని కాస్త వెనక్కి, పార్కింగు పక్కకి జరిపితే..."

ఈ మాట కోసం నేను నెలల తరబడి కాచుకుని ఉన్నాను. ఎదుటి మనిషి మనసు మారుతుందని తెలిసినప్పుడు మాటలతో ఒప్పందం చేసుకోకూడదు, కాంక్రీటుతో చేసుకోవాలి. ఇది నాకు వృత్తి నేర్పిన పాఠం.

"జరపచ్చండీ," అన్నాను. "కాకపోతే ఆ అరుగులు ఇటుకతో కట్టినవి కావు. పునాది మీద స్తంభాలని కలిపే ప్లింత్ బీములతో కలిపి పోసినవి. వాటిని కొట్టాలంటే బిల్డింగు కాళ్ళు కొట్టినట్టే. పైన మీ అంతస్తులున్నాయి మరి."

"అవి ఎప్పుడు పోశారండీ?"

"మీరు సంతకం పెట్టిన డ్రాయింగులోనే ఉందండీ."

ఆయన ఒక అరుగు దగ్గరికి వెళ్ళి, వేలు మడిచి దాన్ని తట్టి చూశాడు. గట్టిగా ఉంది. నా కాంక్రీటు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. తరవాత పెద్దగా నవ్వాడు. మనస్ఫూర్తిగానే నవ్వాడని ఇప్పటికీ అనుకుంటాను.

"మీ నాన్నగారన్నారని బజారంతా చెప్పుకుంటున్నది నిజమేనండీ మేడమ్ గారూ. పోటు ఉంది. నాకే తగిలింది."

మార్కెట్టు తెరిచే రోజు నాన్నగారు కూడా వస్తానన్నారు. ఎందుకండీ, చేపల వాసన, మీకు పడదు అన్నాను. వినలేదు. పట్టుపంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని, పొద్దున్నే కారెక్కి కూర్చున్నారు. భీమడోలు దాటేసరికి ఎండ ఇంకా రాలేదు, పొలాల మీద మంచు ఉంది. మేం వెళ్ళేసరికి మంత్రాలూ రిబ్బన్లూ ఇంకా మొదలవలేదు గానీ, ఆడవాళ్ళు మాత్రం అరుగులెక్కి కూర్చుని ఉన్నారు. అరుగులన్నీ కడిగి, పసుపు రాసి, ముగ్గులు పెట్టుకున్నారు. కత్తిపీటలకి కూడా బొట్లు పెట్టారు. పెద్దామె తన అరుగు మీద, రోడ్డుకి సరిగ్గా ఎదురుగా, ముందు నీళ్ళ తొట్టిలో కొరమీనులు మెదులుతుంటే కూర్చుంది. మమ్మల్ని చూసి పిలిచింది.

"పంతులుగారూ, ఇంకా ఒక్క బేరం కూడా అవలేదండి. మీ చేత్తో బోణీ చెయ్యండి."

నేను కంగారుపడ్డాను. నాన్నగారు చేపల బజార్లో అడుగుపెట్టడమే నాకు వింతగా ఉంది. ఆయన మాత్రం తడుముకోకుండా పైపంచె ముడి విప్పి, వంద రూపాయల నోటు తీసి, "మీకు అన్నీ శుభం జరగాలమ్మా" అని ఆమె చేతిలో పెట్టబోయారు. ఆమె చెయ్యి చాపలేదు.

"ఊరికే ఇత్తే బోణీ అవదండి. ధర్మం అవుద్ది," అంది. "సరుకు తీసుకోవాలండి."

నాన్నగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన ఇన్నేళ్ళ జీవితంలో దానం పుచ్చుకున్నారు, దానం ఇచ్చారు, కానీ ఇచ్చింది వద్దనిపించుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. వీళ్ళకి ఈ చోటు నేనిచ్చానని నెలల తరబడి లోలోపల మురిసిపోతున్నాను. ఆమె ఎవరు ఇచ్చిందీ ఊరికే పుచ్చుకునే మనిషి కాదు.

నాన్నగారు ఆమె మొహం చూశారు. అరుగు పుణ్యమా అని ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"అయితే ఒకటి ఇవ్వమ్మా," అన్నారు.

ఆమె తొట్టిలో చెయ్యి పెట్టి, ఒక కొరమీనుని ఒడుపుగా పట్టి, నీళ్ళు పోసిన కవరులో వేసి ఆయన చేతికిచ్చింది. కవరులో చేప గిర్రున తిరిగింది.

"ప్రాణంతో ఉందే!" అన్నారు నాన్నగారు బెదిరిపోయి.

"ప్రాణం లేంది అంటగట్టే మనిషిని కానండి నేను."

అప్పుడు నోటు తీసుకుంది. రెండు కళ్ళకీ అద్దుకుని, తొట్టికి ఒకసారి తాకించి, చెంగున ముడేసుకుంది. ఆ తరవాత మా వైపు చూడలేదు. రోడ్డు మీది నుంచి సంచులు పట్టుకుని జనం తిన్నగా లోపలికి వస్తున్నారు. ఎవరో ఆవిడ మా వెనక నుంచి మెడ చాచి ధర అడుగుతోంది. పెద్దామె ఆవిడకి సమాధానం చెబుతూనే మా వైపు చెయ్యి ఊపింది.

"పంతులుగారూ, అమ్మాయిగారూ, కాస్త పక్కకి జరగండి. బేరానికి అడ్డం."

మేమిద్దరం, చేతిలో చేపతో సహా, పక్కకి జరిగాం.